విందులో పచ్చ స్పగెట్టి

(ఒక గ్రంథాలయం నెలవారీ సభలో చేసిన ప్రసంగానికి రాత రూపం)

అందరికీ నమస్కారం.

పరిచయం చేసినవారు నన్ను మెక్సికో వంటల నిపుణురాలు అన్నారు. దయచేసి ఆ మాట వెనక్కి తీసుకోవాలి. నేను కంప్యూటర్ ఉద్యోగం మీద మెక్సికో ఉత్తరాన ఉన్న మోంతెర్రేయ్ నగరంలో ఐదేళ్లు ఉండి వచ్చాను, అంతే. ఆ దేశపు వంటల్లో నాకు లోతుగా తెలిసింది ఒక్కటే. దాన్ని కూడా నాకు నేర్పింది ఆకలి. నేను శాకాహారిని.

మెక్సికోలో ఇంటి వేడుకకు వెళ్లిన శాకాహారి పరిస్థితి ఎలా ఉంటుందో వినండి. మా పక్కింటి ఆవిడ మనవడికి బాప్తిస్మం. మధ్యాహ్నం 3 గంటలకు భోజనం అన్నారు. నేను సరిగ్గా 3 గంటలకే వెళ్లాను. హాలులో బుడగలు ఊదుతున్న ఇద్దరు పిల్లలు తప్ప ఎవరూ లేరు. (నవ్వులు) నాలుగున్నరకు జనం వచ్చారు, ఐదింటికి వడ్డన మొదలైంది. రాగి కళాయిలో పంది కొవ్వులోనే మగ్గిన పంది మాంసం, కర్నీతాస్. పక్కన అన్నం ఉంది కదా అనుకుంటే అది కోడి రసంలో వండినదట. చిక్కుడు గింజలు కనిపించాయి. పేరు అడిగితే ‘ఫ్రిహోలెస్ కోన్ వెనేనో’ అన్నారు. అంటే విషం కలిపిన చిక్కుళ్లు! పంది కూర మీద తేలే ఎర్రటి కొవ్వును అక్కడివాళ్లు ముద్దుగా విషమని పిలుచుకుంటారు. నా వరకు ఆ పేరు బాగానే పెట్టారు.

అప్పుడు బల్ల చివర పెద్ద అల్యూమినియం ట్రే ఒకటి కంటపడింది. నిండుగా స్పగెట్టి. రంగు మాత్రం లేత పిస్తా పచ్చ. పైన తెల్లగా, మన పనీరు చిదిపి చల్లినట్టు పచ్చి చీజు. నోట్లో పెట్టుకుంటే ముందు మీగడ మెత్తదనం తెలిసింది, తరువాత నిప్పుల మీద కాలిన వాసన, అది దిగాక నాలుక చివర సన్నటి కారం. రెండోసారి వడ్డించుకున్నాను, మూడోసారీ వడ్డించుకున్నాను. పక్కింటి ఆవిడ చూసి నవ్వి ‘ఎస్పగేతి వేర్దే’ అంది. వేర్దే అంటే పచ్చ. ఆ తరువాత ఐదేళ్లపాటు నేను వెళ్లిన ప్రతి వేడుకలో నా భోజనం అదే.

నా భోజనమే అది కనుక దాన్ని గమనించడం మొదలుపెట్టాను. బాప్తిస్మంలో ఉంది. పిల్లల మొదటి ప్రభు భోజనం నాడు ఉంది. క్రిస్మస్ ముందు రాత్రి కాల్చిన పంది తొడ పక్కన ఉంది. కిన్సేన్యేరాలో ఉంది. కిన్సేన్యేరా అంటే ఆడపిల్లకు పదిహేనేళ్లు నిండిన రోజు చేసే వేడుక. మన లంగా వోణీల వేడుక గుర్తుకు రాక మానదు. ముందు చర్చిలో పూజ, తరువాత హాలులో నాట్యం. అక్కడ తండ్రి కూతురి కాలికి మామూలు చెప్పులు తీసి మొదటిసారి ఎత్తు మడమల చెప్పులు తొడుగుతాడు. కేకు ఖర్చు ఒకరిది, సంగీతం ఖర్చు ఇంకొకరిది, కిరీటం మరొకరిది. అలా భరించేవారిని పద్రీనో, మద్రీనా అంటారు. మేనమామ సారె తెచ్చినట్టు బంధువులు తలా ఒకటి మీద వేసుకుంటారు. నేను చూసిన ఇళ్లలో స్పగెట్టికి మాత్రం పద్రీనో ఉండేవాడు కాదు. మాంసం మగవాళ్లు పెరట్లో కళాయి పెట్టి వండేవారు, లేదా కిలోల లెక్కన కొనుక్కొచ్చేవారు. స్పగెట్టి బాధ్యత పిన్నులది, అత్తలది. దాని గురించి ఎవరూ చర్చించేవారు కాదు. ఉంటుందంతే.

ఇది ఇటలీ వంటకం కదా, మెక్సికోలో దీనికేం పని అని మీకు అనిపించవచ్చు. నేనూ పక్కింటి ఆవిడను అడిగాను. ఆవిడ నన్ను వింతగా చూసి, ఇది సూపు అంది. మూకుడులో చుక్క రసం లేదు, సూపు ఏమిటి అన్నాను. ‘సోపా సేకా’ అంది. అంటే పొడి సూపు. మధ్యాహ్నం చిన్న భోజనశాలల్లో వరుసగా వడ్డించే భోజనం ఉంటుంది అక్కడ. ముందు నీళ్ల సూపు, తరువాత పొడి సూపు, ఆ తరువాత కూర. రెండో వంతులో వచ్చే అన్నం గానీ స్పగెట్టి గానీ పొడి సూపు కిందే లెక్క. అన్నాన్ని సూపు అనే దేశంలో వాదించడం దండగని ఊరుకున్నాను. (నవ్వులు)

కానీ ఆ పేరు వెనక కథ ఉంది. మెక్సికోవాళ్లు స్పగెట్టి కన్నా చాలా ముందే తిన్నది ఫిదేయో. చిన్న చిన్న ముక్కలుగా ఉండే సన్నటి సేమ్యా. ఆ మాట స్పానిష్‌లోకి అరబ్బీ నుంచి వచ్చింది. అరబ్బులు స్పెయిన్‌కు తెచ్చినదాన్ని స్పెయిన్‌వాళ్లు ఓడలెక్కించారు. వండే తీరు చూస్తే మీకు కొత్తగా అనిపించదు. ముందు సేమ్యాను నూనెలో ఎర్రగా వేయిస్తారు, తరువాత టమాటా రసం పోస్తారు. నేను మొదటిసారి ఆ వాసన పీల్చినప్పుడు మా అమ్మ సేమ్యా ఉప్మాకు తాలింపు వేస్తోందనుకున్నాను. రసం ఎక్కువ పోస్తే నీళ్ల సూపు, ఇంకేదాకా ఉంచితే పొడి సూపు. స్పగెట్టి వచ్చాక ఆ రెండో గదిలో దిగింది. ఇంట్లో గది ముందే సిద్ధంగా ఉంది, అద్దెకు వచ్చినవాడు మాత్రం కొత్తవాడు.

నిజానికి ఆ పళ్లెంలో సొంత ఊరివాళ్లు ఎవరని లెక్క తీస్తే తమాషాగా ఉంటుంది. గోధుమ స్పెయిన్‌వాళ్లతో వచ్చింది. మెక్సికో నేలలో మొదట గోధుమ విత్తింది తానేనని 1538లో స్పెయిన్ రాజుకు పెట్టుకున్న విన్నపంలో రాసుకున్నవాడు హువాన్ గార్రీదో. ఆఫ్రికాలో పుట్టిన నల్లజాతి సైనికుడు, మెక్సికోను జయించిన స్పెయిన్ సేనాని కోర్తేస్ సేనలో పనిచేశాడు. ఆవులూ ఓడల్లోనే వచ్చాయి. అంతకు ముందు అక్కడ పాలు లేవు, వెన్న లేదు, మీగడ లేదు. ఉల్లి, వెల్లుల్లి, కొత్తిమీర కూడా సముద్రం దాటినవే. మిరియాలు మన మలబారు సరుకు. చివరికి పళ్లెంలో పుట్టుకతో మెక్సికో పౌరుడు ఎవరంటే ఆ పచ్చ మిరపకాయ ఒక్కటే.

పొబ్లానో మిరపకాయ. పుయెబ్లా అనే ప్రాంతానిది కాబట్టి ఆ పేరు. మన బజ్జీ మిరపకాయ కన్నా బాగా వెడల్పు, క్యాప్సికం కన్నా పొడుగు, కింద కోసుగా ఉంటుంది. రంగు దాదాపు నలుపు అనేంత ముదురు పచ్చ. అదే పండి ఎండితే పేరు మారి ఆంచో అవుతుంది, మోలే అనే పెద్ద కూరలోకి వెళుతుంది. కారం కొలిచే స్కోవిల్ లెక్కలో ఇది 1,000 నుంచి 2,000 దాకా. గుంటూరు సన్నం 30,000 దాటుతుంది. కాబట్టి మనకు ఇది కారమే కాదు అని గొప్పలు పోకండి. గుంటూరు మిరపకు మూలపురుషులు కూడా ఆ నేలవాళ్లే. పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్ల ఓడలు దిగేదాకా మన వంటింట్లో కారమంటే మిరియాలే. ఆ దేశం నుంచి మనకు వచ్చిన విత్తనం అదొక్కటే కాదు. మెక్సికోలోని సోనోరా రాష్ట్రంలో వ్యవసాయ శాస్త్రవేత్త నార్మన్ బోర్లాగ్ పెంచిన పొట్టి గోధుమ రకాల విత్తనాన్ని 1966లో భారతదేశం 18,000 టన్నులు దిగుమతి చేసుకుంది. లేర్మా రోహో, సోనోరా 64 అని వాటి పేర్లు. మన హరిత విప్లవానికి నారు పోసింది అవే. ఈ ముక్క నేను అక్కడ ఏ వేడుకలో చెప్పినా చప్పట్లు కొట్టి ఇంకో పళ్లెం వడ్డించేవారు.

పుయెబ్లా దగ్గరే చిపీలో అని ఒక ఊరుంది. 1882లో ఇటలీలోని వెనేతో ప్రాంతం నుంచి వచ్చిన కుటుంబాలు కట్టుకున్న ఊరు. ఇప్పటికీ ఇళ్లలో వాళ్ల పాత యాసే మాట్లాడుకుంటారు. వాళ్ల బతుకుతెరువు పాలు, చీజు, మీగడ. ఇటలీవాళ్లు, మీగడ, పొబ్లానో మిరపకాయ మూడూ ఒకే చోట కనిపించాయి కదా, వంటకం పుట్టిల్లు దొరికిందని ముడి వేసేయాలని నాకూ చేయి లాగింది. వేయడం లేదు. ఊళ్లో మేడ ఉన్నంత మాత్రాన అది రాజుగారిదే కానక్కరలేదు. స్పగెట్టిని ఇంటింటికీ చేర్చింది నా ఉద్దేశంలో కారఖానాలే. 1920లో తొలూకా నగరంలో మొదలైన లా మొదేర్నా లాంటివి. అక్కడ కొట్లలో స్పగెట్టి 200 గ్రాముల పొట్లంగా దొరుకుతుంది, అది చౌక సరుకు. మాంసానికి పక్కన వడ్డిస్తే ఒక పొట్లం నలుగురికి వస్తుంది. వందమందికి 25 పొట్లాలు, అంటే 5 కిలోలు. పెళ్లికి ఎన్ని ఆకులు లేస్తాయో లెక్క వేసే మన వంటవాళ్ల బుర్రతో ఆలోచించండి. కడుపు నింపేది చౌక స్పగెట్టి, గొప్ప తెచ్చేది పైన పోసే మీగడ.

ఇక వండటం. ఇక్కడ కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే నా కళ్లు మండింది ఇక్కడే.

రెండో ఏడు పక్కింటి వారి అమ్మాయి కిన్సేన్యేరా వచ్చింది. ముందు రోజు రాత్రి ఆవిడ నన్ను వంటింటికి పిలిచింది. బల్ల మీద దాదాపు 80 పొబ్లానోలు. నాలుగు పొయ్యిలు వెలిగించి, మంట మీద నేరుగా మిరపకాయలు పరిచింది. వంకాయ కాల్చి పచ్చడి చేసేవారికి ఈ పని చెప్పక్కరలేదు. తొక్క నల్లగా బుడగలెత్తి పగిలేదాకా తిప్పుతూ ఉండాలి. తరువాత వాటిని ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి బిగించి పావుగంట ఉంచుతారు. దాన్ని చెమట పట్టించడం అంటారు. ఆ ఆవిరికి తొక్క వదులై చేతితో ఒలిస్తే వచ్చేస్తుంది. కొళాయి కింద కడిగితే పని తేలిక, కానీ ఆవిడ కడగనివ్వలేదు. నీళ్లతో పాటు రుచి పోతుందట. నలుగురు ఆడవాళ్లం అర్ధరాత్రి దాకా కూర్చుని తొక్క తీశాం, గింజలు తీశాం, లోపలి ఈనెలు తీశాం. కారం లేని కాయ అని ధీమాగా ఒట్టి చేతులతో కూర్చున్నాను. పొబ్లానోతో చిక్కేమిటంటే ఒకే చెట్టు కాయల్లో ఒకటి చప్పగా ఉంటుంది, ఒకటి మంట పెడుతుంది. మంట పెట్టేదాన్ని ముట్టుకున్న చేత్తో నేను కన్ను నలుపుకున్నాను. గుంటూరు కారం తిని పెరిగానని అప్పటిదాకా చెప్పిన గొప్పలన్నీ ఆ రాత్రి వాళ్లు నాకు తిరిగి వినిపించారు. (నవ్వులు)

మరునాడు ఉదయం మిగతా పని. నీళ్లలో ఉల్లిపాయ ముక్క, ఒక వెల్లుల్లి రెబ్బ, బిర్యానీలో వేసే ఆకులాంటి ఆకొకటి, ఉప్పు వేసి స్పగెట్టి ఉడికిస్తారు. ఇటలీవాళ్లు పంటికి తగలాలంటారు, ఇక్కడ ఆ పట్టింపు లేదు, మెత్తగానే ఉడికిస్తారు. మెక్సికో నగరంలో అయితే ఇంకో సంగతి. ఆ నగరం 2,240 మీటర్ల ఎత్తున ఉంటుంది కాబట్టి నీళ్లు 92, 93 డిగ్రీలకే మరుగుతాయి. పొట్లం మీద రాసిన నిమిషాలు నమ్ముకుంటే పచ్చిగానే మిగులుతుంది. తొక్క తీసిన మిరపకాయలు, మెత్తటి క్రీము చీజు, క్రేమా, వెల్లుల్లి, కాస్త కొత్తిమీర మిక్సీలో మెత్తగా రుబ్బుతారు. క్రేమా అంటే అక్కడి మీగడ. కొద్దిగా పులుపు తగిలి, జారుగా ఉంటుంది. వెన్నలో ఉల్లిపాయ మగ్గించి, అందులో ఈ పచ్చ ముద్ద పోసి, సన్నటి సెగ మీద ఉంచాలి. పెద్ద మంట పెడితే మీగడ విరుగుతుంది. చివర స్పగెట్టి వేసి కలపడమే. పైన పచ్చి చీజు, కొన్ని ఇళ్లలో మొక్కజొన్న గింజలు. స్పగెట్టి ఉడికిన నీళ్లు పారబోయకుండా ఒక గిన్నెడు దాచుకోవాలి. చల్లారే కొద్దీ స్పగెట్టి మీగడంతా తాగేసి ముద్ద కట్టుకుపోతుంది. అతిథులు రెండు గంటలు ఆలస్యంగా వచ్చే దేశంలో ఆ గిన్నెడు నీళ్లే పరువు కాపాడతాయి.

ఇదంతా చూస్తూ నిలబడ్డాను. ఆఖరున ఆవిడ అలమర తెరిచి, చిన్న డబ్బా తీసి, అందులోంచి పసుపు రంగు పొడి రెండు చెంచాలు వేసింది. అదేమిటని అడిగాను. కోడి పులుసు పొడి అంది.

ఏడాదిన్నరగా తింటున్నాను నేను!

నా ముఖం చూసి ఆవిడకు అర్థం కాలేదు. ‘కోడి కాదమ్మా, పొడి’ అంది. ఆ తర్కానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు నవ్వుతున్నాను గానీ, ఆ రోజు హాలులో టోర్టియాలనే పల్చటి రొట్టెలు, ఉప్పు తిని ఇంటికి వచ్చాను. కోపం ఎవరి మీదో చెప్పలేని కోపం. ఆవిడ దాచింది లేదు, నేను అడిగింది లేదు. నాలుగు రోజుల తరువాత ఆవిడే తలుపు కొట్టి, ఇక మీదట పొడి వేయక ముందే నీ వాటా వేరే గిన్నెలోకి తీస్తాను అంది. అన్నమాట ప్రకారం తీసింది. ఆ గిన్నె మీద కాగితం అంటించి ‘ఇందూ కోసం’ అని రాసేది. ఇందూ అంటే హిందూ. అక్కడ మనందరినీ మతంతో పని లేకుండా అలాగే అంటారు.

ఈ పచ్చదానికి ఇద్దరు తోబుట్టువులు ఉన్నారు. క్రేమాలో హామ్ అనే పంది మాంసం ముక్కలతో తెల్లది, టమాటా రసం మీద క్రేమా పోసిన ఎర్రది. పడమటి తీరాన సినాలోవా, నయారీత్ రాష్ట్రాల వేడుకల్లో ‘సోపా ఫ్రియా’ అని చల్లటి సూపు ఉంటుంది. అదీ సూపు కాదు. వంకర మకరోనీలో మీగడ, మయొనైజ్, హామ్, డబ్బా అనాసపండు ముక్కలు. దాన్ని గురించి ఇంకేమీ చెప్పను. భోజనంలో అనాసపండు నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

తొర్రెయోన్ సంగతి మాత్రం చెప్పాలి. మోంతెర్రేయ్‌కు పడమరగా 300 కిలోమీటర్లకు పైగా ఉంటుంది, ఎడారి నేల. అక్కడ ‘రెలీక్యా’ అనే ఆచారం ఉంది. ఆపదలో మొక్కుకున్నవాళ్లు మొక్కు తీరాక ఇంటి ముందు పొయ్యిలు పెట్టి వండి, వచ్చినవాళ్లందరికీ పంచుతారు. ఎక్కువమంది అక్టోబర్ 28న, పునీత యూదా తద్దేయు పండుగ నాడు చేస్తారు. పిలుపులు ఉండవు. వీధిలో వాళ్లు, పక్క పేటవాళ్లు ఇంటి నుంచి గిన్నెలు తెచ్చుకుని వరుసలో నిలబడతారు. గిన్నెలో పోసేది ఎర్ర మిరపకాయల పంది కూర, దాని పక్కన ఏడు సూపులు. ఏడు సూపులంటే మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది, ఏడు ఆకారాల పాస్తా. స్పగెట్టి, మకరోనీ, గవ్వల ఆకారం, ఇంకా ఏవేవో. అన్నదానం చూసి పెరిగిన నాకు ఆ వరుసలో నిలబడటానికి సిగ్గు అనిపించలేదు. నా చేతిలో గిన్నె లేదు. ముందున్న ముసలావిడ తన రెండు గిన్నెల్లో ఒకటి నాకిచ్చింది.

2010లో యునెస్కో మెక్సికో సంప్రదాయ వంటను మానవజాతి వారసత్వాల జాబితాలో చేర్చింది. మిచోవాకాన్ రాష్ట్రాన్ని నమూనాగా చూపి, మొక్కజొన్న, చిక్కుడు, మిరప చుట్టూ అల్లుకున్న వేల ఏళ్ల వంట అన్నారు. న్యాయమే, ఆ వంట ఆ గౌరవానికి తగినదే. అయితే యాత్రికుల కోసం రాసే పుస్తకాల్లో పచ్చ స్పగెట్టి పేరు నేను వెతికి వెతికి చూశాను, దాదాపు కనిపించదు. విదేశీయులకు చూపించడానికి మెక్సికోవాళ్లే కొంచెం మొహమాటపడతారు. మా కార్యాలయంలో ఒకాయన నన్ను మోలే తినిపించడానికి తీసుకెళ్లి, స్పగెట్టి మాట ఎత్తగానే ‘అది ఇంట్లో తినేదిలెండి’ అన్నాడు. అదే మనిషి తన కొడుకు బాప్తిస్మంలో ట్రే ఖాళీ అయిందని తెలిసి వంటింట్లో ఎంత గొడవ చేశాడో నేను చూశాను. మోలే అయిపోతే అయ్యో అనుకున్నారు. స్పగెట్టి అయిపోతే వదినా మరదళ్లు రెండు రోజులు మాట్లాడుకోలేదు.

మిగిలితే మాత్రం ఎవరూ బాధపడరు. క్రిస్మస్ మరునాడు, కొత్త సంవత్సరం మరునాడు ఉండే భోజనానికి పేరే ‘రెకలెంతాదో’, అంటే మళ్లీ వేడి చేసినది. రాత్రి విందు కన్నా అదే బాగుంటుందని పందెం కాసేవాళ్లున్నారు. అతిథి వెళ్లేటప్పుడు కట్టిచ్చేదాన్ని ‘ఇతకాతే’ అంటారు. స్పెయిన్‌వాళ్లు రాకముందు నుంచీ ఉన్న నహువాత్ల్ భాష మాట అది, దారిబత్తెం అని అర్థం. ఇటలీ పేరున్న స్పగెట్టి, స్పెయిన్ మీగడతో, ఆ పాత మాటలో చుట్టుకుని, ఖాళీ అయిన క్రేమా డబ్బాలో మా ఇంటికి వచ్చేది. డబ్బా తిరిగి ఇవ్వాలి. ఖాళీగా ఇవ్వకూడదు. ఆ పట్టింపు మనకు మల్లేనే. నేను పులిహోర పెట్టి ఇచ్చేదాన్ని. ఆవిడ దాన్ని పసుపు రంగు పొడి సూపు అనేది. (నవ్వులు)

మన దగ్గర చేయాలంటే పొబ్లానో సులువుగా దొరకదు. రెండు వంతులు క్యాప్సికం, ఒక వంతు బజ్జీ మిరపకాయ కలిపి కాలిస్తే దగ్గరగా వస్తుంది. క్యాప్సికం ఒక్కటే వేస్తే తీపి వస్తుంది, ఒప్పుకోకండి. క్రేమాకు బదులు ప్యాకెట్ మీగడలో ఒక చెంచా గట్టి పెరుగు కలిపి గంటసేపు బయట ఉంచండి. మొదటిసారి నేను ఆ పెరుగు నేరుగా పొయ్యి మీదే కలిపాను, విరిగిపోయి మజ్జిగ పులుసు అయింది. దాన్నీ తిన్నాం.

వెనక గదిలో రెండు ట్రేలు ఉన్నాయి. ఉదయం నాలుగింటికి లేచి కాల్చాను, చేతికి తొడుగులు వేసుకునే. ఆ కోడి పులుసు పొడి వేయలేదు. గిన్నెడు నీళ్లు కూడా తెచ్చాను గానీ, నేను ఇంకా మాట్లాడితే అవి చాలవు. ముద్ద కట్టకముందే లేవండి, ప్రశ్నలు పళ్లెం పట్టుకుని అడగవచ్చు.